పలక పొడి సిరా: ఊరి గ్రంథాలయంలో దిదెరో కథ చెప్పడం ఎలా

మూడేళ్ల కిందట గ్రంథాలయ వారోత్సవాల్లో నా మొదటి ప్రసంగానికి 40 మంది వచ్చారు. అయిపోయేసరికి తొమ్మిది మంది మిగిలారు. వాళ్లలో ఇద్దరు పేపరు చదువుకోవడానికి వచ్చినవాళ్లు, ఒకడు బల్లమీద తల పెట్టి నిద్రపోయిన ఆరో తరగతి పిల్లాడు. విషయం 18వ శతాబ్దపు యూరప్‌లో, జ్ఞానోదయ యుగంలో పెద్ద విజ్ఞాన సర్వస్వం తయారుచేసిన ఫ్రెంచి తత్వవేత్త. "దెనీ దిదెరో 1713 అక్టోబరు 5న ఫ్రాన్సులోని లాంగ్ర్ అనే పట్టణంలో జన్మించెను" అని మొదలుపెట్టాను. 31 ఏళ్లు సోషల్ టీచరుగా చేసినదాన్ని. నోట్సు చెప్పి రాయించే అలవాటు రిటైరైనా గొంతులో ఉండిపోయింది.

ఆ తర్వాత పొదిలిలో, దర్శిలో, కనిగిరిలో, చివరికి మార్కాపురంలో అదే మనిషి కథ మళ్లీ చెప్పాను. ఇప్పుడు జనం మధ్యలో లేచిపోవడం లేదు. వచ్చే నవంబరులో మీ ఊళ్లో మీరెవరైనా చెప్పాలనుకుంటే, నేను పడ్డ తిప్పలు మీరు పడకుండా ఇది రాస్తున్నాను.

ఎవరి కథ చెప్పాలి

ఒక్కరి కథే చెప్పండి. జ్ఞానోదయం మొత్తం గంటలో చెప్పేద్దామనుకుంటే మళ్లీ నోట్సులోకే దిగుతారు. పాఠ్యపుస్తకంలో వోల్టేర్, రూసో, మాంటెస్క్యూ రిజర్వేషన్ చార్టులో పేర్లలాగా ఒకరి కింద ఒకరు ఉంటారు. వాళ్లు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో మనకి తెలియదు.

నేను దిదెరోని పట్టుకోవడంలో కొంచెం స్వార్థం ఉంది. ఆయన తండ్రి కత్తులు చేసేవాడు. మా నాయన మార్కాపురంలో పలకల పని చేసేవాడు. రూసో తండ్రి గడియారాల పనివాడు, కాంట్ తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు, వాళ్లూ పనికొస్తారు. కానీ పేరొచ్చాక కూడా మళ్లీ పనిచేసే చోట్లకి పోయి, సుత్తి పట్టుకున్నవాడి పక్కన నిలబడి, ఇదేంటి, ఇదెందుకు అని అడిగి పేజీలకి పేజీలు రాసుకున్నవాడు దిదెరో.

పేరు సంగతి. మన పుస్తకాల్లో డిడెరాట్ అని కనపడుతుంది. ఫ్రెంచిలో చివరి ట పలకదు, దిదెరో అనండి. అయితే సభలో ఎవరైనా డిడెరాట్ అంటే మాత్రం దిద్దొద్దు. దర్శిలో నేను దిద్దాను. ఆ మాష్టారు గంటసేపు మూతి ముడుచుకుని కూర్చున్నారు.

ముందు సంచి సర్దుకోండి

కాగితాలకంటే ముందు సంచి ముఖ్యం. రాతి పలక ఒకటి కావాలి. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉండే ప్లాస్టిక్కు పలకలు, రేకు పలకలు పనికిరావు. పాత ఇళ్లల్లో అటక మీద వెతికితే చట్రం ఊడిపోయిన రాతి పలక ఎక్కడో ఒకటి దొరుకుతుంది. పంటిపుల్లలు నాలుగు, నల్లద్రాక్ష గుప్పెడు, చిన్న గిన్నెలు మూడు, తెల్ల చార్టు ఒకటి, తడిగుడ్డ. ఈ సామాను ఎందుకో కింద జైలు కథలో తెలుస్తుంది. ఆ కథలో ఉన్నది ద్రాక్షసారా. దాన్ని తీసుకుపోదామని సరదాపడకండి. గ్రంథాలయంలో గొడవైపోతుంది, రసం చాలు.

వెళ్లగానే నమస్కారం పెట్టి, ఇంకేమీ చెప్పకుండా పలకని రెండు ముక్కలుగా విరవండి. ఆ చప్పుడుకి తలలు లేస్తాయి. మా తరంవాళ్లకి పలక విరిగిన చప్పుడు వింటే వెంటనే వీపు మీద పడ్డ దెబ్బ కూడా గుర్తొస్తుంది. నవ్వుతారు. ఆ నవ్వులోనే ముక్కల్ని తడిపి, ఒకదాని మీద ఒకటి పెట్టి, సానమీద గంధం తీసినట్టు అరగదీయండి. బూడిదరంగులో చిక్కటి నీళ్లు దిగుతాయి. మొదట్లో నేను రోట్లో దంచి పొట్లం కట్టుకుపోయేదాన్ని. పొడి గరుకుగా ఉండి పుల్లకి అంటేది కాదు. పైగా దుమ్ము లేచేది. పిల్లల మధ్య రాతి దుమ్ము లేపకూడదు. మా నాయన దగ్గు వింటూ పెరిగినదాన్ని గనక చెబుతున్నాను. అరగదీసే పద్ధతి మార్కాపురంలో ఒక పెద్దాయన నేర్పాడు, ఆయన సంగతి తర్వాత.

ఆ నీళ్లలో నాలుగు ద్రాక్షపళ్లు పిండి, పంటిపుల్ల ముంచి, చార్టు మీద రాయించండి. మీరు రాయొద్దు. ముందు వరసలో కూర్చున్న పిల్లనో పిల్లాణ్ణో పిలవండి. కనిగిరిలో ఒక అబ్బాయి లేచి, "మేడమ్, ఆ రంగు ద్రాక్షదే గానీ పలకది కాదు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి మూడు గిన్నెలు పెడుతున్నాను. ఒకదాంట్లో ఉత్త రసం, ఒకదాంట్లో ఉత్త పలక నీళ్లు, మూడోదాంట్లో రెండూ కలిపినది. మూడింటితోనూ రాయించి, ఆరాక వాళ్లనే చూసి చెప్పమంటున్నాను. ఆ అబ్బాయి అనుమానం వల్ల నా ప్రసంగం అయిదు నిమిషాలు పెరిగింది. జ్ఞానోదయం అంటే ఏంటో విడిగా నిర్వచనం చెప్పే పని తప్పింది.

రాత ఆరేలోగా జైలు కథ

ఇక్కడ మొదలుపెట్టండి, పుట్టిన తేదీ దగ్గర కాదు. 1749 జూలై 24న పోలీసులు దిదెరో ఇంటికొచ్చి ఆయన్ని పారిస్ పక్కనే ఉన్న వెన్సెన్ కోటకి తీసుకుపోయారు. అప్పటికి ఆయనకి 35 ఏళ్లు. కారణం చూపులేనివాళ్ల గురించి రాసిన ఒక లేఖ. పుట్టుగుడ్డి అయినా కేంబ్రిడ్జిలో లెక్కల ప్రొఫెసరు అయిన సాండర్సన్ చేత అందులో దేవుడి గురించి ఇబ్బందికరమైన ప్రశ్నలు అడిగించాడు. (సాండర్సన్‌కి చూపు పోయింది పసితనంలోనే అంటారు. పుట్టుగుడ్డి అంటే కూడా సభలో పెద్ద తప్పేం కాదు గానీ "పసితనంలో చూపు పోయిన" అనడం మంచిది. చూశారా, నేనే నోరు జారాను.)

అదే లేఖలో ప్యూజో ఊరి గుడ్డివాడొకడు వస్తాడు. నీకు చూపొస్తే బాగుంటుందా అని అడిగితే, కళ్లకంటే పొడుగాటి చేతులుంటే బాగుంటుంది, చంద్రుడి మీద ఏముందో మీ కళ్లూ దుర్భిణులూ చెప్పేదానికంటే నా చేతులే బాగా చెబుతాయి అంటాడు. ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి. ముసలివాళ్ల నుంచి పిల్లలదాకా అందరూ ఒకసారి తమ చేతుల వంక చూసుకుంటారు.

కోటలో ఆయనకి కలం కాగితం ఇవ్వలేదు. జేబులో పంటిపుల్ల ఉంది, అది కలమైంది. కిటికీ పక్కనుంచి పలకరాయి పెళ్లగించి, పొడిచేసి, తాగడానికిచ్చిన ద్రాక్షసారాలో కలిపాడు. పగిలిన గిన్నె సిరాబుడ్డి అయింది. దగ్గరున్న పుస్తకం అంచుల్లో రాసుకుంటూ పోయాడు. ఇది చెప్పి ఆగండి. చార్టు వైపు చూపించండి. ఎక్కువ మాట్లాడొద్దు.

ఒక జాగ్రత్త. ఈ సంగతి మనకి తెలిసింది ఆయన కూతురు ఆంజెలిక్ రాసిపెట్టిన జ్ఞాపకాల వల్ల. ఆవిడ పుట్టింది 1753లో, అంటే జైలు సంగతి తండ్రి చెప్పగా విన్నదే. దిదెరో కథలు బాగా చెప్పే మనిషి. కాబట్టి "చేశాడు" అని ఊరుకోకుండా "చేశాడని కూతురు రాసింది" అనండి. రుచి ఏమీ తగ్గదు.

ఇంకో సంగతి దాచకండి. ఆయన జైల్లో వీరుడిలా నిలబడలేదు. ముందు ఆ రాతలు నావి కావన్నాడు, తర్వాత నావేనని ఒప్పుకున్నాడు, ఇకమీద ఇలాంటివి రాయనని మాటిచ్చాడు. నవంబరు 3న వదిలారు. బయటికి తీసుకురమ్మని గట్టిగా అర్జీలు పెట్టింది పుస్తకాల వ్యాపారులు. వాళ్లు వేయిస్తున్న విజ్ఞాన సర్వస్వానికి ఆయనే సంపాదకుడు, వాళ్ల పెట్టుబడి ఆయన చేతుల్లో ఇరుక్కుని ఉంది మరి. పొదిలిలో ఒకాయన "అయితే పిరికివాడేగా" అన్నాడు. ఇంట్లో పెళ్లాం, కొడుకు ఉన్న మనిషిని చీకటి గదిలో నెలరోజులు పెడితే మీరు నేను ఏం చేస్తామో చెప్పలేం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఒప్పించక్కర్లేదు కూడా.

తండ్రి అంగడి

ఇప్పుడు లాంగ్ర్ వెళ్లండి. తండ్రి దిదియే చేసిన శస్త్రచికిత్స కత్తులకి మంచి పేరు. కొడుకుని జెసూయిట్ పాదిరీల బళ్లో వేశాడు. 1726లో, 13 ఏళ్లైనా నిండకముందే, చర్చి ఉద్యోగానికని నడినెత్తిన జుట్టు తీయించారు. మధ్యలో ఒకసారి చదువు విసుగొచ్చి, నేనూ కత్తులే చేస్తానన్నాడు. తండ్రి కోప్పడలేదు. ఏప్రాన్ కట్టించి పక్కన కూర్చోబెట్టాడు. పట్టుకున్న కత్తినల్లా పాడుచేశాడట. నాలుగైదు రోజులకి పుస్తకాలు సర్దుకుని మళ్లీ బడికి పోయాడు. ఇదీ కూతురి మాటే. ఇక్కడ నేను మా నాయన సంగతి కలుపుతాను. సెలవుల్లో పలక చీల్చడం నేర్చుకుంటానని పోయి ఒక్క పూటలో ఆరు పలకలు విరిచాను. ఆయన ముక్కలు ఏరి సంచిలో వేసి "ఇంటికి పోయి దీని మీద రాసుకోపో" అన్నాడు. మీకు మీ ఇంటి కథ ఉంటుంది, అది చెప్పండి. లేకపోతే దర్జీ దగ్గరో కంసాలి దగ్గరో పని నేర్చుకోబోయి పారిపోయి వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని సభని అడగండి. ఉంటారు.

బళ్లో బహుమతులన్నీ గెలుచుకుని, తలకి పెద్దవైన పూలకిరీటాలు భుజాల మీదికి జారిపోతుండగా ఇంటికొస్తే, దూరం నుంచే చూసిన తండ్రి చేతిలో పని వదిలేసి గడప దగ్గరికొచ్చి ఏడ్చాడని దిదెరో 30 ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో తలుచుకున్నాడు. దీన్ని నాటకంలా చెప్పొద్దు, మామూలుగా చెప్పండి.

1732లో పారిస్‌లో ఎం.ఏ. పూర్తయింది. తండ్రి ప్లీడరు గుమాస్తాగా చేర్పించాడు. రెండేళ్లయ్యాక ఇంతకీ ఏమవుతావని అడిగితే, ఏమీ కానన్నాడు, నాకు చదువుకోవడం ఇష్టం, ఇంకేమీ అడగడం లేదన్నాడు. డబ్బు పంపడం ఆగిపోయింది. పదేళ్లు ఎట్లా బతికాడో అంతా తెలియదు. పాదిరీలకి ఉపన్యాసాలు రాసిచ్చాడు, లెక్కల ట్యూషన్లు చెప్పాడు. సన్యాసం పుచ్చుకుంటానని ఒక మఠం సాధువుని నమ్మించి విడతలు విడతలుగా అప్పు లాగి, చివరికి నాకు సన్యాసం మీద మోజు పోయిందన్నాడు. ఆ అప్పు తండ్రి తీర్చాడు. తల్లి ఊరుకోలేక పనిమనిషి చేతికి డబ్బిచ్చి పంపేది. లాంగ్ర్ నుంచి పారిస్‌కి దాదాపు 280 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి మద్రాసుకి ఎంతో ఇంచుమించు అంత. ఆ మనిషి మూడుసార్లు నడిచి వెళ్లింది, తన దగ్గరున్న సొమ్ము కూడా కలిపి ఇచ్చింది. ఆవిడ పేరు ఎలెన్ బ్రూలే. సభలో పేరు రెండుసార్లు పలకండి. తత్వవేత్తల చరిత్రలో పనిమనుషుల పేర్లు దొరకడం అరుదు.

పెళ్లి, కాఫీ డబ్బులు

ఆడవాళ్లు ఎక్కువగా వచ్చిన సభలో దీనికి పది నిమిషాలివ్వండి. ఆన్ ఆంత్వానెత్ షాంపియోన్, తల్లితో కలిసి బట్టలు, లేసుల పని చేసుకునే పిల్ల. దిదెరో పెళ్లికి అనుమతి అడగడానికి ఊరికి పోతే తండ్రి ఏకంగా మఠంలో పెట్టించి తాళం వేయించాడు. రాత్రిపూట కిటికీలోంచి దూకి పారిస్‌కి చేరాడు. 1743 నవంబరులో అర్ధరాత్రి గుట్టుగా పెళ్లి. చేతిలో డబ్బాడనప్పుడు ఆవిడ వట్టి రొట్టె తిని, ఆయన కఫే ద లా రెజాన్స్‌లో కాఫీ తాగుతూ చదరంగం చూడటానికి రోజూ ఆరు సూలు ఇచ్చేదట. సూ అంటే అప్పటి చిల్లర నాణెం. ఇది చెప్పగానే కనిగిరిలో వెనకనుంచి ఒకావిడ "ఈ మొగోళ్లు యాడైనా ఇంతే" అంది. తర్వాత రెండు నిమిషాలు నా మాట ఎవరికీ వినపడలేదు.

ఆయన ప్రేయసి సోఫీ వొలాన్ సంగతి కూడా చెప్పాలి. పెళ్లయ్యాక ఏళ్ల తరబడి ఆమెకి రాసిన ఉత్తరాల్లో 187 మిగిలాయి, ఆయన మనసు తెలిసేది ఎక్కువగా వాటిలోనే. రెండు వాక్యాల్లో చెప్పి ముందుకి పోండి. సమర్థించొద్దు, సాగదీయొద్దు.

పెద్ద పుస్తకం, పంక్చర్ షాపు

అసలు పని ఇది. ఇంగ్లండులో 1728లో చేంబర్స్ తెచ్చిన రెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వాన్ని ఫ్రెంచిలోకి అనువదిస్తే చాలని మొదలైంది. 1747లో దిదెరో, గణితవేత్త దాలంబేర్ సంపాదకులయ్యాక అది పెరిగి పెరిగి 17 సంపుటాల వ్యాసాలు, 11 సంపుటాల బొమ్మలు అయింది. మొదటిది 1751లో, చివరి బొమ్మల సంపుటం 1772లో. వ్యాసాలు 70 వేలకి పైగా. అంకెలు ఇంతకంటే చెప్పకండి. గ్రంథాలయంలో లావుపాటి పుస్తకాలు 28 తీసి బల్లమీద పేర్చండి, అది చాలు.

ముఖ్యంగా చెప్పాల్సింది ఆయన పనివాళ్లని అడిగిన తీరు. 1750లో వేసిన ప్రకటనలోనే రాశాడు. పారిస్‌లో గొప్ప పనివాళ్ల అంగళ్లకి వెళ్లి, వాళ్లు చెబుతుంటే రాసుకున్నాడు. కొన్ని యంత్రాలు తెప్పించుకుని తనే తిప్పి చూశాడు. 40 ఏళ్లుగా పనిచేస్తూ తమ యంత్రం గురించి ఏమీ తెలియనివాళ్లనీ చూశామన్నాడు. ఆయన ఆరా అయిదు ముక్కలు: సరుకు ఏంటి, ఎక్కడ దొరుకుతుంది, మంచిదీ చెడ్డదీ ఎట్లా తెలుస్తుంది; దాంతో ఏమేం చేస్తారు; పనిముట్ల పేర్లు, బొమ్మలు; చెయ్యి ఏ వరసలో కదులుతుంది; ఆ పనిలో వాళ్లు వాడే మాటలు. మేజోళ్లు అల్లే మగ్గం మీద వ్యాసం ఆయనే రాశాడు. ఆ యంత్రం మొత్తం ఒకే ఒక తర్కంలాంటిది, తయారైన మేజోడు దానికి తేలిన ఫలితం అన్నాడు.

మీ సభకి వారం ముందు బడికి వెళ్లి నలుగురు పిల్లలకి ఈ అయిదు ప్రశ్నలూ ఇవ్వండి. దర్శిలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి పంక్చర్ షాపుకి పోయి రాసుకొచ్చింది. ట్యూబు నీళ్ల తొట్లో ముంచి బుడగలు చూడటం, చిల్లు చుట్టూ గరుకు చేయడం, సొల్యూషన్ పూసి వెంటనే అతికించకుండా వేలి వెనకవైపుతో తాకి చూడటం. "ఎందుకు వేలి వెనకవైపు?" అని అడిగాను. "వేళ్ల ముందంతా గ్రీజు ఉంటది మేడమ్" అంది. ఆ షాపు ఆయన సభకి వచ్చి వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పిల్ల చదువుతుంటే ఒకచోట "అది కాదు తల్లీ, ముందు గాలి మొత్తం తీయాల" అని దిద్దాడు. నేను ఎంత చెప్పినా రాని దిదెరో ఆ మాటతో వచ్చేశాడు. కాబట్టి పిల్లలు చదివేటప్పుడు ఆ పనివాణ్ణి తప్పకుండా పిలవండి, కుర్చీ వేయండి. దర్శిలో నేను కుర్చీ వేయలేదు, అది నా తప్పే.

ఈ పుస్తకానికి వచ్చిన అడ్డంకుల్లో మూడు చాలు. 1752లో మొదటి రెండు సంపుటాలని నిషేధించారు. కాగితాలు స్వాధీనం చేసుకోమని ఆజ్ఞ ఇవ్వాల్సిన అధికారి మాల్‌జెర్బ్ ముందురోజే కబురు పెట్టి, దాచడానికి చోటు లేకపోతే మా ఇంటికే పంపించు, అక్కడ ఎవరూ వెతకరన్నాడట. ఇక్కడ జనం చప్పట్లు కొడతారు. రెండోది, 1759లో అనుమతి పూర్తిగా రద్దయింది, అంతకుముందే దాలంబేర్ తప్పుకున్నాడు. జోకూర్ అనే పెద్దమనిషి మాత్రం కూర్చుని దాదాపు 17 వేల వ్యాసాలు రాశాడు. రాతగాళ్లకి జీతాలివ్వడానికి ఇల్లు అమ్ముకున్నాడు. మూడోది నాకు కడుపు మండించే సంగతి. దిదెరో ప్రూఫులు చూసి పంపేశాక, ప్రచురణకర్త ల బ్రెతోన్ భయంతో చడీచప్పుడు లేకుండా వ్యాసాల్లో ముక్కలు కోసేశాడు. అది 1764లో తెలిసేసరికి చాలా అచ్చయిపోయింది. దిదెరో ఏడ్చాడు, ఉత్తరంలో తిట్టాడు, అయినా పని పూర్తిచేశాడు.

నవ్వించాలంటే ఒకటుంది. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల వ్యాసం చదివితే వాళ్లమీద పొగడ్తలే, చివర "టోపీ చూడండి" అని ఉంటుంది. అక్కడికి పోతే, టోపీ ఇరుకుగా ఉండాలా వెడల్పుగా ఉండాలా అని వాళ్లు వందేళ్లకి పైగా కొట్లాడుకున్న కథ. పొదిలిలో ముందు వరసలో ఒక పెద్దాయన నామాల గొడవ అందుకున్నారు. ఆ పక్కకి పోనివ్వకండి, ప్రసంగం మళ్లీ మీ చేతికి రాదు.

మనకి ఇదంతా ఎందుకని ఎవరైనా అడిగితే కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు చెప్పండి. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి నడుం కట్టి, "అ" అక్షరం దాటకుండానే 1923లో పోయారు.

అడిగే ప్రశ్నలు

దేవుణ్ణి నమ్మేవాడా అని తప్పకుండా అడుగుతారు. తిన్నగా చెప్పేయండి. చిన్నప్పుడు నమ్మాడు, తర్వాత చర్చి లేని దేవుణ్ణి నమ్మాడు, చివరికి పదార్థం తప్ప ఇంకేమీ లేదన్నాడు. ఒక చెల్లెలు మఠంలో మతి చెడి చనిపోయింది, తమ్ముడు పాదిరీ అయి ఆయనతో తెగతెంపులు చేసుకున్నాడు. మీ నమ్మకం ఏంటో చెప్పక్కర్లేదు, నేను చెప్పలేదు.

వాట్సాప్ సూక్తులు చదివేవాళ్లు ఒకరు లేస్తారు. నీ మాటతో ఏకీభవించను గానీ నీ మాట్లాడే హక్కు కోసం ప్రాణమిస్తానని వోల్టేర్ అన్నాడు కదా అంటారు. అది వోల్టేర్ మాట కాదు, ఆయన తీరు చెబుతూ 1906లో ఈవెలిన్ బియాట్రిస్ హాల్ అనే రచయిత్రి రాసిన వాక్యం. మెల్లగా చెప్పండి.

మా పింఛనుదార్ల గుంపు ఎక్కడ కూర్చుంటే అక్కడ కేథరిన్ కథ చెబుతాను. కూతురి కట్నం కోసం దిదెరో పుస్తకాలు అమ్మకానికి పెడితే 1765లో రష్యా మహారాణి 15 వేల లీవ్రలకి (లీవ్ర అంటే అప్పటి ఫ్రెంచి డబ్బు) కొని, పుస్తకాలు నీ దగ్గరే ఉంచుకో, వాటికి నువ్వే లైబ్రేరియన్‌వి, ఏడాదికి వెయ్యి జీతం అంది. ఒకసారి జీతం ఆలస్యమైంది. మళ్లీ ఆ ఇబ్బంది రాకుండా 50 ఏళ్ల జీతం ఒక్కసారే పంపేసింది. అప్పటికి ఆయనకి 50 దాటాయి. డి.ఏ. బకాయిల కోసం ఎదురుచూసేవాళ్ల నిట్టూర్పు మీరు వినాలి. ఆ ఉప్పు తిని కూడా, 1773లో పీటర్స్‌బర్గ్ పోయి వచ్చాక, ఆవిడ పాలన మీద ఘాటుగానే రాసిపెట్టాడు. ఆయన పోయాక కాగితాలతో పాటు అదీ ఆవిడకి చేరింది, చదివి మండిపడింది.

టైము మిగిలితే కొత్త అంగీ కథ. ఎవరో ఎర్రటి ఖరీదైన అంగీ బహుమతిస్తే, దాని పక్కన గడ్డి కుర్చీ వెలవెలబోయింది, తోలు కుర్చీ వచ్చింది, తర్వాత బల్ల, తర్వాత గోడమీద పటాలు. పాత అంగీ అయితే దాని కొంగుతో పుస్తకం దుమ్ము తుడిచేవాడు, కలం ఆగితే దానికే తుడిచేవాడు. మా ఇంట్లో పెద్ద టీవీ కొన్నాక గోడకి రంగులు, గోడకి రంగులయ్యాక సోఫా. ఎవరికీ వివరించక్కర్లేదు.

చావు దగ్గర హడావుడి వద్దు. 1784 జూలై 31న భోజనం చేసి, ఆప్రికాట్ పండు తీసుకోబోతే భార్య వద్దంది. ఇది నన్నేం చేస్తుందని తిని, చెర్రీలు తినడానికి బల్లమీద మోచెయ్యి ఆనించి చిన్నగా దగ్గాడు. భార్య పలకరిస్తే పలకలేదు. రాసినవాటిలో గొప్పవి చాలావరకు అప్పటికి అచ్చు కాలేదు. "రామో తమ్ముడి కొడుకు" ముందు 1805లో గోథే జర్మన్ అనువాదంగా బయటికొచ్చింది. దిదెరో స్వదస్తూరీ ప్రతి 1890 ప్రాంతంలో సెన్ నది గట్టున పాత పుస్తకాల అంగట్లో మోంవాల్ అనే లైబ్రేరియన్‌కి దొరికింది. గ్రంథాలయంలో ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది, మీ ఊరి లైబ్రేరియన్ వంక చూస్తూ చెప్పండి.

మార్కాపురం సభలో నేను రోట్లో దంచిన పొడి పొట్లం విప్పగానే వెనక నుంచి ఒక పెద్దాయన లేచొచ్చాడు. పలకల గనిలో, మిల్లులో జన్మంతా పనిచేసిన చేతులు. "ఇట్ట కాదమ్మా" అని పలక ముక్కలు తడిపి అరగదీశాడు. సభ అయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి ఆ అయిదు ప్రశ్నలూ అడిగాను. రాయి ఏ పొరలో మెత్తగా చీలుతుందో, ఉలి ఎంత వంచాలో, చప్పుడు వింటే ఏది విరుగుతుందో చెబుతుంటే ఏడు పేజీలయ్యాయి. పలకల మనిషి కూతుర్నై ఉండీ అందులో సగం మాటలు నాకు తెలియవు. లేచేటప్పుడు ఆయన అడిగాడు:

"అమ్మా, ఆ జైలు కిటికీ కాడ రాయి నల్లదా, పచ్చదా?"

నేను చదివినంతలో కూతురు రంగు మాట రాయలేదని చెప్పాను.

"రాసుంటే బాగుండేది" అన్నాడు. "రంగు తెలిస్తే ఎంతసేపు నూరుంటాడో చెప్పేవాణ్ణి."